యాత్ర బస్సులో ఎగసిన మంట

నాచారంలో ఫ్యాక్టరీల గోడల వెంట పోయే రోడ్డు మా గల్లీ దగ్గర మలుపు తిరుగుతుంది. ఆ మలుపులోనే బసవరాజు దుకాణం. ఒక రేకుల షెడ్డు, అందులో విప్పిపెట్టిన గ్యాస్ పొయ్యిలు, గోడకు చుట్టలుగా వేలాడే పైపులు, అంతే. అతనిది జహీరాబాదు అవతల పల్లె. మెడలో లింగకాయ, నుదుట మూడు విభూతి గీతలు. పొద్దున్నే పూజ కానిదే పానా ముట్టుకోడు. మా గల్లీలో ఒంటరి ముసలమ్మలకు గ్యాస్ బండ అయిపోతే, పిలవకముందే పోయి కొత్త బండ బిగించి, పొయ్యి వెలిగించి చూపించి వచ్చేవాడు. వాళ్ళు మంచినీళ్ళిస్తే, పైకెత్తి గటగటా తాగి, ఖాళీ గ్లాసును తనే కడిగిచ్చేవాడు.

పని ముగిసిందంటే అతనికొక అలవాటు. ముందు పొయ్యి వెలిగించి చూస్తాడు. పైపుకు సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయా అని చూస్తాడు. అన్నీ బాగున్నాయని నమ్మకం కుదిరాక, చిట్టచివర, డబ్బీలోంచి విభూతి తీసి నీటిచుక్కతో మెదిపి, బాగుచేసిన వస్తువు మీద మూడు వేళ్ళతో అడ్డంగా గీస్తాడు. "మన చేతుల పని అయింది, ఇగ శివుడే సూసుకుంటడు" అంటాడు. మొదట్లో పొయ్యి మీదే గీసేవాడు. ఆడవాళ్ళు మర్నాడే తోమి కడిగేస్తుంటే మనసొప్పక, ఎవరూ తోమని చోటు వెతుక్కున్నాడు. బండ మీద కూర్చునే రెగ్యులేటర్ అందుకు అనువుగా దొరికింది.

మెట్రో స్తంభాల కోసం ఉప్పల్ రోడ్డును తవ్వుతున్న రోజులవి. గంగాధరరావు గారు ప్రభుత్వ సంస్థలో రిటైరై, ఉప్పల్‌లోనే ఉండిపోయారు. విజయవాడ వైపు మనిషి. పాత బస్సొకటి కొని పుణ్యక్షేత్రాలకు యాత్రలు తిప్పేవారు. వెనక సీట్లు తీయించి రెండు పొయ్యిల పెద్ద స్టౌ పెట్టించారు. గ్యాస్ బండ మాత్రం బస్సు వెనక, బయటికి తలుపున్న ఇనుప పెట్టెలో ఉండేది. ఆ బిగింపంతా బసవరాజుదే. వంట సారలమ్మది.

సారలమ్మది ములుగు దిక్కు. భర్త పోయాక చెంగిచెర్లలో ఒక గది తీసుకుని ఉంటోంది. బస్సు కదిలితేనే ఆమెకు పని. యాత్రకు వచ్చే ముసలివాళ్ళలో ఎవరికి ఉప్పు పడదో, ఎవరికి చక్కెర పడదో అడగకుండానే గుర్తుపెట్టుకుని వేరే గిన్నెలో తీసి ఉంచేది. అందరూ తిన్నాక, గిన్నెల అడుగున మిగిలింది తను తినేది.

ఆ ఏడు షిరిడీ యాత్రలో పొయ్యి మొరాయించడం మొదలైంది. తెల్లవారుజామున చలిలో మంట దీపంలా కూర్చునేది. ఎండ ఎక్కి ఇనుప పెట్టె కాలేసరికి ఎగిరేది. అన్నిటికన్నా భయమైనదేమిటంటే, రెండు పొయ్యిలు వెలుగుతుండగా ఒకటి కట్టేస్తే, రెండోదాని మంట గిన్నె అంచు దాటి లేచేది. ఒకసారి సారలమ్మ కొంగు కమిలింది. యాత్రికులు పరమాత్మను తలుచుకుంటూ బస్సు దిగిపోయారు.

బస్సు తిరిగొచ్చాక బసవరాజు మొత్తం విప్పాడు. రెగ్యులేటర్ మీది పాత విభూతిని తడిగుడ్డతో తుడిచాడు. పొయ్యి రంధ్రాలు పిన్నుతో శుభ్రం చేశాడు. వెలిగించి చూస్తే నీలం మంట, ఒక్కటి కట్టేసినా రెండోది చలించలేదు. మూడు గీతలు గీసి పంపించాడు. శ్రీశైలం యాత్రలో మళ్ళీ అదే గోల. ఈసారి రెగ్యులేటరే మార్చేశాడు. కొత్తదానికీ విభూతి పెట్టి పంపాడు. మళ్ళీ అదే. ఇక వస్తువుల మీది అనుమానం మనుషుల మీదికి మళ్ళింది.

గంగాధరరావు గారు దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"ఏమయ్యా బసవరాజూ, నీ దగ్గర బుద్ధిగా వెలుగుతుంది. నా బస్సెక్కగానే దానికి దయ్యం పడుతుందా?"

"నా దగ్గరైతే మంచిగనే ఉంది సారు. మీరే సూస్తున్రు గదా."

"అంటే మధ్యలో ఎవరో చెయ్యి పెడుతున్నారు." ఆయన గొంతు తగ్గించారు. "సారలమ్మ దారిలో బండలో గ్యాస్ తీసి ఎవరికో ఇస్తోందని దయాకర్ అంటున్నాడు. బిగింపు కదిలించబట్టే ఇలా అవుతోందట. వచ్చేవారం కాశీ యాత్ర. వంటమనిషిని మార్చేద్దామనుకుంటున్నా. నీ నోటి నుంచి ఒక్క మాట రానీ. సామానులో తప్పు లేదంటే మనిషిలో తప్పున్నట్టే."

దయాకర్ ఆ బస్సు డ్రైవరు. బసవరాజు పొయ్యి వైపు చూశాడు. తన పనిలో తప్పు లేదు. అది కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది. అయినా ఆ ఒక్క మాట అనకుండా పానా కింద పెట్టాడు.

"ఆదివారం గుట్టకు పోతున్రు గదా సారు. నేను గూడ వస్త. కండ్లతోని సూసినంక చెప్త."

ఈ సంగతి సారలమ్మ చెవిన పడింది. మర్నాడు దుకాణం ముందు నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఏంది బసన్నా, నాకు కావలి కాస్తవంట?"

"గట్లెందుకంటవ్ అక్కా? పొయ్యిని సూడనీకె వస్తున్న."

"పొయ్యికి కాళ్ళున్నయా, కావలి కాయనీకె? నన్నంటే నన్ననుండ్రి. దయాకర్ వదినె వంటపనికి తిరుగుతున్నది, గది గూడ జర యాదికుంచుకో. ఆ పెట్టె తలుపు తీసేది నేనొక్కదాన్నేనా?"

"దయాకర్‌ను సూసినవా, పెట్టె తీస్తుంటె?"

"సూస్తె ఊకుంటనా? నువ్వు నన్ను సూసినవా మరి?" అని వెళ్ళిపోయింది.

బసవరాజు ఆ రోజంతా పరధ్యానంగానే ఉన్నాడు. దయాకర్ అంటున్నది నిజమేమో. సారలమ్మ అంటున్నది నిజమేమో. ఇద్దరినీ అనుమానించడానికి కారణాలు దొరుకుతున్నాయి గాని, ఒక్కటీ గట్టిగా నిలవడం లేదని నాతో అన్నాడు.

కార్తీకం కావడంతో ఆదివారం బస్సు నిండిపోయింది. నేనూ ఎక్కాను. గుట్ట కింద తోటలో వంట చేసుకుని, తిని, సాయంత్రం గుట్ట మీది గుడిలో దర్శనం చేసుకోవాలని ఏర్పాటు. ఘట్‌కేసర్ దాటాక టీ కాచుకోవడానికి ఆపారు. బసవరాజు ఇనుప పెట్టెకు వీపు ఆనించి నిలుచున్నాడు. ఎవరూ దగ్గరికి రాలేదు. అయినా మంట మొదట మిణుకుమిణుకుమంది. సారలమ్మ ఒక పొయ్యి కట్టేసిందో లేదో, రెండోది భగ్గుమంది.

"సూసినవా? నా చెయ్యి గిక్కడున్నది, నీ వీపు గక్కడున్నది" అంది సారలమ్మ.

ఆమె పొయ్యి మీట తిప్పే తీరులోనే ఏదో ఉందేమోనని బసవరాజు ఆమె వేళ్ళ వంకే చూశాడు.

తోటలో బస్సు ఆగాక, సంచిలో తెచ్చిన మరో కొత్త రెగ్యులేటర్ బిగించాడు. వెలిగించి చూశాడు, సబ్బునీళ్ళు రాశాడు. విభూతి డబ్బీ కోసం జేబులో చెయ్యి పెట్టబోతుంటే సారలమ్మ కేకేసింది.

"బసన్నా, గీ గంజు పట్టు జర! కావలి కాసెటోనివి జర పని గూడ చెయ్యి."

ఆ పెద్ద గిన్నె దించాక నీళ్ళు తెమ్మంది. నీళ్ళయ్యాక గుమ్మడికాయ పగలగొట్టమంది. అతను పని చేస్తూనే పొయ్యి మీద కన్నేసి ఉంచాడు. అన్నం ఉడికింది, పప్పు ఉడికింది. ఎన్నిసార్లు ఒకటి కట్టేసినా రెండో మంట చెక్కుచెదరలేదు. గంగాధరరావు గారు వచ్చి అతని చెవిలో అన్నారు.

"నువ్వు పక్కనుండేసరికి ఎంత అణకువగా వెలుగుతోందో చూశావా? ఇప్పటికైనా అర్థమైందా?"

బసవరాజుకూ అలాగే తోచింది. తను చూస్తున్నాడని ఆమె జాగ్రత్త పడుతోంది. మనసు బరువెక్కింది. ఇక చెప్పాల్సిన మాట చెప్పేయాలనుకున్నాడు. చెప్పేముందు మిగిలిపోయిన పని పూర్తిచేద్దామని పెట్టె తలుపు తీశాడు. అప్పుడు ఒక పొయ్యి మీద సాంబారు, ఇంకో పొయ్యి మీద పాయసం ఉన్నాయి. విభూతి మెదిపి, కళ్ళు మూసుకుని, రెగ్యులేటర్ మీద మూడు వేళ్ళు ఆనించి గీశాడు.

అదే సమయంలో సారలమ్మ సాంబారు పొయ్యి కట్టేసింది. పాయసం గిన్నె చుట్టూ మంట ఎగసింది. ఆమె కేక పెట్టి వెనక్కి దూకింది.

బసవరాజు తన వేళ్ళు చూసుకున్నాడు. రెగ్యులేటర్ లోపల ఒక పలుచని పొర ఉంటుంది. గ్యాస్ ఎక్కువా తక్కువా కాకుండా అది పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటకు గాలి కావాలని మూత మీద సూది మొనంత రంధ్రం పెడతారు. అతనికి తెలియనిదేమీ కాదు. గుడ్డ తీసుకుని గీతలు తుడిచి, రంధ్రంలో చేరిన విభూతిని పిన్నుతో తీశాడు. మంట అణిగింది. మళ్ళీ విభూతి పెట్టి చూశాడు. "ఒకటి వెలిగించి కట్టెయ్యి అక్కా" అన్నాడు. మంట లేచింది. మళ్ళీ తుడిచాడు.

సారలమ్మకు అర్థమైంది. దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది. "సామాన్లదే ఖరాబని చెప్పరాదు? నీ పేరెందుకు పోగొట్టుకుంటవ్?"

"రెండుసార్లు కొత్తది మార్చిన అక్కా. సామాన్లదంటె సారు నమ్మడు. మళ్ళ నీ మీదికే వస్తడు."

అందరూ ఆకుల ముందు కూర్చున్నాక అతను లేచి నిలబడి చెప్పాడు. "తప్పు సారలక్కది కాదు, దయాకర్‌ది కాదు. నాది. నేను పెట్టిన విభూతి గాలి రంధ్రాన్ని మూసింది. పరీక్ష జేసేటప్పుడు ఉండదు, ఆఖర్ల పెడతగదా, గందుకే నా దగ్గర మంచిగ వెలిగింది."

పంక్తిలో గుసగుసలు లేచాయి. గంగాధరరావు గారు నమ్మలేదు.

"ఆమెను కాపాడటానికి దేవుడి మీద పెడుతున్నావా? విభూతికి పొయ్యి పాడవడమేమిటయ్యా?"

"దేవుని మీద పెడతనా సారు? నా చెయ్యి మీద పెడుతున్న. రాండ్రి, మీ చేతులతోనే పెట్టుండ్రి."

ఆయన తడి విభూతి తీసుకుని, అనుమానంగా అతని ముఖంలోకి చూస్తూ, తనే గీశారు. పొయ్యి మీట తనే తిప్పారు. మంట ముఖం దాకా వచ్చేసరికి నాలుగడుగులు వెనక్కి వేశారు. తర్వాత తుడిచి చూశారు. ఇంకోసారి గీశారు. ఆయనకు నమ్మకం కుదిరేలోపు పాయసం అడుగంటింది.

"సరే. సారలమ్మా, కాశీకి నువ్వే రావాలి" అన్నారు, నేల చూస్తూ.

"వస్త సారు. దొంగనన్న నోటితోని పిలుస్తున్రు, అందుకే జర ఆలస్యంగ వస్త" అంది ఆమె. కాని మర్నాటి నుంచే సరుకులు కట్టడం మొదలుపెట్టింది. దయాకర్ ఆమె ముందుకు రావడానికి సిగ్గుపడి, బియ్యం మూటలన్నీ తనే మోసి బస్సులో వేశాడు.

బసవరాజుకు మాత్రం నిద్ర పట్టలేదట. నాచారంలో, కాప్రాలో, ఉప్పల్‌లో ఎన్ని ఇళ్ళలో రెగ్యులేటర్ల మీద ఆ గీతలు ఉన్నాయో అతనికే తెలియదు. దుకాణం మూసి ఇల్లిల్లూ తిరగసాగాడు. ఎవరూ సులువుగా రానివ్వలేదు.

"పెట్టినోడివి నువ్వే, తుడిచెటోడివి నువ్వేనా? మతం మారినవా ఏంది అయ్యా?" అని ఒక ముసలమ్మ గడపలోనే ఆపింది. మరో ఇంట్లో పాతది తీసేసి కొత్తది అంటగట్టడానికి వచ్చాడనుకున్నారు. ఇంకో ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు వంటింట్లోకి ఎందుకన్నారు.

కాశీ యాత్రకు ముందు సారలమ్మకు తీరిక లేదు. అయినా ఆ సంగతి విని, పొద్దున పనులు చేసుకుని చెంగిచెర్ల నుంచి బస్సెక్కి వచ్చింది. "నడువ్" అని అతని వెంట తిరిగింది. గుమ్మాల్లో ముందు ఆమె నిలబడేది. ఆమెను చూసి ఆడవాళ్ళు తలుపు పూర్తిగా తీసేవారు.

మా పక్కింటికి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు తలుపు సగం తెరిచి, బసవరాజును పైనుంచి కిందిదాకా చూసింది.

"ఈయన నమ్మదగిన మనిషేనా అమ్మా?" అని సారలమ్మను అడిగింది.

సారలమ్మ వెనక్కి తిరిగి అతని ముఖంలోకి చూసింది.

"మొన్నటిదాంక ఈయన నన్ను అనుమానపడ్డడు, నేను ఈయనను అనుమానపడ్డ. నన్నడిగితే ఏం చెప్పాలె తల్లీ?" అంది. "లోపలికైతే రానియ్యి. నేను ఈడనే నిలవడి సూస్త."