మారుతల్లి వేషం

ఈ మాట ఎన్నో ఏళ్లుగా నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెబుతున్నాను.

నా చిన్నప్పుడే అమ్మ పోయింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే బాపు, మారు పెళ్లి చేసుకొని చందూర్ నుంచి చిన్నమ్మను తెచ్చాడు. ఆమె నన్నొక దెబ్బ కొట్టలేదు. తల దువ్వేది, వేలు పట్టుకొని చర్చికి తీసుకెళ్లేది. అయినా నాకామె గిట్టేది కాదు. అమ్మ చీరలు కట్టుకుంటోందనా? ఏమో.

అప్పట్లో ఏ సినిమాలో చూసినా మారుతల్లి ఒకే తీరు. కొంగు దోపి, మూతి తిప్పి, పిల్ల చేతిమీద వాతపెట్టేది. హాలంతా తిట్టేది. నేనూ తిట్టేదాన్ని.

ఒకరోజు పాలగిన్నె దించబోయి నా చెయ్యి నేనే కాల్చుకున్నాను.

"ఎవలు కాల్చిండ్రే?" అంది బాపు తల్లి, మా అవ్వ.

ఆ ప్రశ్నలోనే జవాబుంది. "చిన్నమ్మ" అన్నాను.

మళ్లీ ఎవరూ అడగలేదు. బాపు కూడా. వాడకట్టంతా ఆ సినిమాలు చూసినవాళ్లే కదా. ఆమెను పుట్టింటికి పంపేశారు. గడప దాటేముందు నా చేతికట్టు సరిచేసింది. నేను మొహం తిప్పుకున్నాను.

పెళ్లయి నిజామాబాద్ వచ్చాక, ఒక మధ్యాహ్నం సినిమా ఆటలో చిన్నమ్మే నా పక్క సీట్లో కనిపించింది. తన అక్క దగ్గరుంటూ బీడీలు చేస్తోందట. తెరమీదికి మారుతల్లి రాగానే జనం తిట్లు మొదలుపెట్టారు. చిన్నమ్మ నవ్వింది.

"సూడు బిడ్డా, కన్ను గట్ల తిప్పంగనే అందరికి సమజైంది. ఎంత మంచిగ చేస్తున్నదో!"

"కోపం రాదా చిన్నమ్మా?"

"ఆమె మీదెందుకు? ఆమె వేషం ఆమె కట్టింది. గామె లేకుంటె ఆ పిల్ల మీద మనకు ప్రేమ, పావురం ఎట్ల పుడ్తది?"

ఆమె మీదెందుకు, అంది. మరి ఎవరి మీద? అడగలేకపోయాను. సినిమా అయిపోయింది, ఆమె వెళ్లిపోయింది. మళ్లీ కలవలేదు.

అప్పటినుంచి సినిమాల్లో అలాంటివాళ్లనే చూస్తున్నాను. మారుతల్లి, పిసినారి షావుకారు, తాగుబోతు మామ. ఒక్క చూపుతో మనకు తెలిసిపోతారు, కథ ఆగకుండా నడుస్తుంది. తెలిసిన ఆ మనిషిలోనే మంచి నటి ఇంకేదో చూపిస్తుంది: ఒకామె, పిల్లకు వాతపెట్టే ముందు, క్షణంసేపు కళ్లు మూసుకుంది. అదెంత కష్టమైన విద్యో నాకిప్పుడు తెలుసు. హాల్లో అది వేషమని అందరికీ ఎరుకే. నేను మాత్రం ఆ వేషాన్ని బతికున్న మనిషికి తొడిగి, నిజమని నమ్మించాను. తప్పు సినిమాది కాదు.

బాపు ఆ అబద్ధాన్ని నమ్ముతూనే పోయాడు.

చిన్నమ్మ నన్ను కాల్చలేదు. ఈ మాట ఒక మనిషికి చెప్పడం ఇదే మొదటిసారి. క్షమించమని ఎవరిని అడగను? చెప్పాను, అంతే. కాస్త ఊపిరాడుతోంది.