జెండా కింద లైటు

ఇన్నేళ్ళలో ఈ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. మా ఇళ్ళవాళ్ళ అసోసియేషన్ అడగలేదు, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్కుల్లో నా పక్కనే కూర్చుని మా ఆవిడ చేసిన పులిహోర తిన్న స్నేహితులూ అడగలేదు. ఇక నేనే చెప్తాను. ఆ రోజుల్లో, అంటే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కుని, కార్ల కంపెనీలో పని చేస్తూ గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, నాకొక గట్టి నమ్మకం ఉండేది. తప్పు కనిపిస్తే మర్యాదగా రాసి పంపాలి, పంపితే జవాబు వస్తుంది అని. (అప్పట్లో జుట్టు కూడా ఉండేది. అది పోయింది, నమ్మకం పోలేదు.)

మా సబ్‌డివిజన్, అంటే మా ఇళ్ళ కాలనీ, మొదట్లో ఒక జెండా స్తంభం ఉంది. రాత్రిపూట జెండా ఎగరాలంటే దానిమీద వెలుగు పడాలన్నది ఈ దేశపు ఆనవాయితీ. స్తంభం కింది లైటేమో పాడైపోయింది. అసోసియేషన్‌కి ఈమెయిల్ పంపాను. జవాబు లేదు. ఈసారి ఫొటో కూడా పెట్టి పంపాను. (చీకట్లో తీసింది కాబట్టి అందులో ఏమీ కనిపించలేదు. నా ఫిర్యాదు కూడా అదే కదా.) అయినా జవాబు లేదు. చిన్నప్పుడు మా బడిలో పొద్దుగూకేలోగా జెండా దించకపోతే డ్రిల్లు మాస్టారు మా వీపులు వాయించేవారు. ఆ భయం విమానమెక్కి నాతోపాటే వచ్చింది. ఒక సాయంత్రం నేనే వెళ్ళి, జెండా దించి, నేలకి తగలకుండా మడిచి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఇంటికి తెచ్చాను. మా ఆవిడ ఏమీ అడక్కుండా దేవుడి గదిలో పై అర ఖాళీ చేసింది. పొద్దున్నే మళ్ళీ ఎగరేద్దామని మా ఉద్దేశం.

స్తంభానికి ఎదురింటి డోర్‌బెల్ కెమెరాకి మా ఉద్దేశం ఏం తెలుస్తుంది? అప్పుడు ఎక్కడో దూరాన యుద్ధం నడుస్తోంది. ఊళ్ళో దాన్ని కాదంటూ ఒక ఊరేగింపు, ఆ ఊరేగింపుని కాదంటూ ఇంకో ఊరేగింపు. అలాంటి రోజుల్లో నేను జెండా దించుతున్న వీడియో మా సబ్‌డివిజన్ గ్రూపులో అందరి ఫోన్లకీ చేరిపోయింది. తెల్లవారి నేను జెండా పట్టుకుని వెళ్ళేసరికి స్తంభం కింద అసోసియేషన్ ప్రెసిడెంటు నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ జెండా బొమ్మ ఉన్న టోపీ పెట్టుకుంటాడని మేం ఆయన్ని టోపీ పెద్దాయన అనుకునేవాళ్ళం. ఆయన నా చేతుల్లోంచి జెండా తీసుకున్నాడు. నా మొహం మాత్రం చూడలేదు. అలా చూడకపోవడాన్ని నేను మర్చిపోలేదు, మర్చిపోను.

ఆదివారం క్లబ్‌హౌస్‌లో మీటింగ్ అన్నారు. అందరి ముందూ నేను జెండాని అవమానించానని ఒప్పుకుని సారీ చెప్పాలి, లేకపోతే పోలీస్ కంప్లయింట్ ఇస్తామన్నారు. ఇమ్మిగ్రేషన్ సంగతులన్నీ తెలిసిన వరంగల్ స్నేహితుడొకడున్నాడు. మేం వీసా బావ అంటాం. అతను ఇంటికొచ్చి నన్ను కూర్చోబెట్టాడు.

"అన్నా, ఒక్క సారీ చెప్పి బయటపడు. గ్రీన్ కార్డ్ పెండింగ్‌ల ఉంది. కంప్లయింట్ పడితే ఫైల్ మొత్తం ఆగుతది. మనం గెస్టుల లెక్క ఉండాలె."

"గెస్టు చేత ఎవరైనా డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిస్తారా?" అన్నాను. అతను మా ఆవిడ వైపు చూశాడు. మా ఆవిడ కిటికీ వైపు చూసింది. ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి అన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయని ముగ్గురికీ తెలుసు.

మీటింగ్‌లో టోపీ పెద్దాయన లేచి, దేశాన్ని ప్రేమించేవాడు దానిమీద అస్తమానం ఫిర్యాదులు చెయ్యడనీ, యుద్ధం నడుస్తుండగా జెండా దించడాన్ని తాము ద్రోహం అంటామనీ చెప్పాడు. ద్రోహం అన్న మాట వినగానే నా నోటిదాకా వచ్చిన సారీ వెనక్కి వెళ్ళిపోయింది.

"మరి దాన్ని చీకట్లో వదిలేసినవాళ్ళని ఏమంటారు?" అని అడిగాను.

టోపీ పెద్దాయన టోపీ సర్దుకున్నాడు. వీసా బావ తన బూట్లు చూసుకుంటున్నాడు. అప్పుడు వెనక వరసలోంచి మా ఆవిడ లేచింది.

"ఈయన ఇండియాలో కూడా ఇంతే. అక్కడ మా కాలనీలో మురుగు కాలువ గురించి రాస్తే దేశం పరువు తీస్తున్నావన్నారు, దేశద్రోహి అన్నారు. ఈయన తనది అనుకున్నదాని గురించే ఫిర్యాదు చేస్తాడండీ. నా వంట గురించి రోజూ చేస్తాడు."

హాలంతా నవ్వింది. టోపీ పెద్దాయన కూడా నవ్వాడు. కంప్లయింట్ మాట ఇక ఎవరూ ఎత్తలేదు. కాఫీలు, డోనట్‌లు వచ్చాయి. మీటింగ్ అయిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడి ఉన్నాను. ద్రోహి అంటే ఎదురు చెప్పగలను, నవ్వితే ఏం చెప్పను? నా ప్రశ్న ఆ డోనట్‌ల పెట్టె కింద ఉండిపోయింది.

ఆ తర్వాత గ్రీన్ కార్డ్ వచ్చింది. కొన్నేళ్ళకి కుడి చెయ్యి ఎత్తి ప్రమాణం చేసి ఈ దేశపు పౌరుణ్ణయ్యాను. అక్కడ చేతికిచ్చిన చిన్న జెండాతోనే, అదే సాయంత్రం, స్తంభం దగ్గరికి వెళ్ళాను. లైటు ఇంకా వెలగడం లేదు. పెద్ద జెండాని గుండెకి హత్తుకుని, ఎవరైనా తిడతారేమోనని బిక్కుబిక్కుమంటూ ఇంటికి నడిచిన ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, జుట్టు గాలికి రేగి ఎంత గంభీరంగా ఉన్నాడో. నాకు నవ్వొచ్చింది. ఇంటికెళ్ళి మళ్ళీ ఈమెయిల్ రాశాను, ఈసారి కింద నా పేరు పక్కన పౌరుడు అని చేర్చి.

టోపీ పెద్దాయన ఇప్పుడు లేడు, కొత్త ప్రెసిడెంటు ఉన్నాడు. ఆయన్నే అడుగుతున్నాను. ఆ రోజు మీటింగ్‌లో నేను అడిగినదానికి జవాబేమిటి? నోట్ చేసుకున్నాం అనకండి. చెప్పండి.