పద్మక్క వంట మీద నేను నడిపిన విచారణ

తెలంగాణ ఉద్యమంల నేను గూడ ఒక్కసారి జనాన్ని నడిపించిన. నవ్వకున్రి, నిజమే చెప్తున్న. నూరు మందికి తక్కువ గాదు, జెండాలు పట్టుకొని నా ఎనుక ఉరికిన్రు. గియ్యాలటికి సిద్దిపేటల నన్ను చూస్తే "అగో, గా ర్యాలీ తీసిన నర్సింలు సారు" అనేటోళ్లు ఉన్నరు. వాళ్లను ఎక్కడికి తీసుకపోయిన్నో, ఎందుకు ఉరికిన్నో అప్పుడే తెలిసి ఉంటే గా జెండా కట్టెలతోనే నా ఈపు పగలగొడుతుండిరి. గింత ఘోరానికి మూలం ఒక ఇసబ్గోల్ డబ్బ. కూసోన్రి, మొదటి సంది చెప్త.

గప్పుడు నాకు ఇరవై ఆరేండ్లు. తాసీల్ ఆఫీసుల జూనియర్ అసిస్టెంట్‌ను. మా ఊరు నారాయణరావుపేట. నేను మూడో తరగతిల ఉన్నప్పుడే నన్ను కన్న అవ్వ పోయింది. నన్ను సాదింది మా పద్మక్క. లగ్గమై సిద్దిపేటకు వచ్చేటప్పుడు చీరెల పెట్టెతోపాటు నన్నుగూడ తెచ్చుకున్నదని మా బావ ఇప్పటికీ అంటడు. నౌకరి వచ్చినంక కిరాయికి రూం చూసుకుంటనంటే "నా ఇల్లుండంగ నీకు రూమేందిర?" అని గయ్యిమన్నది. నేను పెరిగిందంత ఆమె పెట్టిన బుక్కలతోనే.

గంత మంచి తిండి తింటున్నా నా కడుపు మాత్రం నా మాట ఇంటలేకుండె. ఒకరోజు ఉబ్బుతది. ఒకరోజు మెలిపెడ్తది. రెండు రోజులు బందువెట్టి, మూడోరోజు పొద్దున్నే నాలుగుసార్లు ఉరికిస్తది. ఇంటికాడి నుంచి ఆఫీసు ఇరవై నిమిషాల తొవ్వ. గా తొవ్వల ఎవరింట్ల బాత్రూం వాకిట్లనే ఉన్నదో, ఎవరిది గొళ్లెం పడదో మొత్తం నాకు కంఠపాఠం.

దవాఖానకు పోయిన. డాక్టరు పరీక్షలు చేయించి, కాయితాలు చూసి నిమ్మళంగ చెప్పిండు.

"గిది ఐబీఎస్. పేగుల పుండు లేదు, గడ్డ లేదు. నీ పేగులకు జర కోపమెక్కువ, అంతే."

"మంచి మందు రాయిన్రి సార్."

"మందుకంటె ముందు రెండు పనులు చెయ్యాలె. ఒకటి, పీచు పెంచాలె. ఇసబ్గోల్ పొట్టు రోజుకు ఒక్క చెంచ, పెద్ద గిలాసెడు నీళ్లతోని. మెల్లమెల్లగ పెంచాలె, ఇన్నవా? ఒక్కసారే పెంచితే కడుపు తిరగబడ్తది. రెండోది, ఏ తిండి నీకు పడ్తలేదో నువ్వే పట్టుకోవాలె. నోట్లకు పోయిందల్ల ఒక పుస్తకంల రాయి."

"మొత్తం రాయాల్నా సార్?"

"మొత్తం."

మీరు మాత్రం గీ రెండు ముచ్చట్లు యాదిల పెట్టుకోన్రి. మెల్లగ, మొత్తం. నేను పెట్టుకోలే.

ఆఫీసోనికి పుస్తకం రాయమంటే ఏమైతది? రిజిస్టరైతది. కొత్తది కొని, స్కేలు పెట్టి నాలుగు గళ్లు గీసిన. పదార్థం, పరిమాణం, ఫలితం, ఉత్తర్వు. అట్ట మీద ఎర్ర సిరాతోని "రహస్యం" అని రాసి, అందరికి కనవడేటట్టు టీవీ మీద పెట్టిన.

గోకరకాయ తిన్ననాడు కడుపు ఉబ్బింది. ఉత్తర్వు, బంద్. ఉడకవెట్టిన శెనగ గుడాలు తిన్ననాడు మెలిపెట్టింది. సస్పెన్షన్. ఉల్లిగడ్డకు "సంజాయిషీ కోరడమైనది" అని రాసిన. పుంటికూర పాత మనిషి అని మందలించి ఇడిచిపెట్టిన. పదిహేను రోజులు తిరిగేసరికి మా అక్క వంటింట్ల సగం సామాను సస్పెన్షన్ల ఉన్నది.

"తమ్మీ, ఇయ్యాల ఏం వండాలెర?"

"బీరకాయ వండక్కా. విచారణ అయ్యేదాంక గదే."

"బీరకాయ ఏం తప్పు జేసిందని రోజు దాన్నే కోసుడు?" అని నవ్వుకుంట కత్తిపీట ముందట కూసుంటుండె. అప్పటిదాంక ఆమెకు గూడ గిది తమాషే.

గా నడుమనే సమ్మె మొదలైంది. ఆఫీసులు బంద్, బడులు బంద్, బస్సులు బంద్. చౌరస్తాల శామియాన ఏసి రోజంత గాడనే కూసునుడు. పాటలు, డప్పులు, ఉపన్యాసాలు. ఉపన్యాసం మంచిగుంటే ఒక చాయ్, మంచిగ లేకుంటే రెండు చాయ్‌లు. దినాం కొంతమంది వంతులవారీగ నిరాహార దీక్షల కూసుంటుండిరి. ఒకనాడు నా వంతొచ్చింది. పొద్దటి సంది సాయంత్రం దాంక నీళ్లు తప్ప ఏది ముట్టొద్దు. మా సంఘం పెద్ద రాములు సారు పక్కనే కుర్చీ ఏసుకొని కావలి కూసున్నడు.

ఏం జెప్పాలె! గారోజు నా కడుపు పాలు తాగి పండుకున్న పసిపిల్ల లెక్క ఉన్నది. ఉబ్బుడు లేదు, మెలి లేదు. నాకు ఆశ పుట్టింది. తెల్లారి ఇంకొకరి వంతు గూడ నేనే కూసుంట అన్న. ఆ తెల్లారి మరొకరిది. మూడు రోజులు పగలంత నిమ్మళమే. రాములు సారు నా మెడల బంతిపూల దండేసి "గిసొంటి త్యాగం నా సర్వీసుల చూడలే" అన్నడు. నేను త్యాగమని తల ఊపిన. లోపల మాత్రం వేరే లెక్క నడుస్తుంది. ఇంట్ల తిన్ననాడు గొడవ. తినకుంటే శాంతి. మరి ఇంట్ల వండేదెవరు?

ఇంటికి పోయి, రిజిస్టరు తీసి, కడుపు నింపుకొని మరీ రాసిన. పదార్థం, అక్క వంట. పరిమాణం, పూటపూటకు. ఫలితం, నొప్పి. ఉత్తర్వు, బంద్. కింద సంతకం గూడ పెట్టి, మల్ల టీవీ మీదనే పెట్టి పండుకున్న. గంత తెలివి మరి!

మా అక్క ఐదో తరగతి దాంక చదివింది. పొద్దున టీవీ తుడుసుకుంట చదివిందట.

కొట్లాడలే. తిట్టలే. నా ముందట పల్లెం పెట్టి ఎప్పటిలెక్క పక్కన కూసోకుండ నిలవడ్డది.

"తమ్మీ, రేపటి సంది నువ్వు మెస్సుల తినురా."

"ఎందుకక్కా?"

"నా వంటనే నీ నొప్పి అయితే, ఇన్నేండ్లు నేను నీకు పెట్టింది అన్నం గాదన్నట్టే గద."

లోపలికి పోయింది. అప్పుడే ఎనుక పోయి కాళ్లు మొక్కాలె నేను. పోలే. ఇచ్చిన ఆర్డరు ఎనుకకు తీసుకుంటే ఇజ్జత్ పోతదనుకున్న. ఇప్పుడు రాస్తుంటే గూడ నాకు సిగ్గయితుంది.

నాలుగు రోజులు మెస్సుల తిన్న. కడుపు మారిందా? లేదు, ఇంక ఎక్కువైంది. గక్కడనన్న కండ్లు తెరవాలె గద? తెరిస్తే నర్సింలు ఎట్లయిత? "అక్క వంట ప్రభావం ఇంకా లోపల మిగిలి ఉన్నది" అని తీర్మానం చేసిన. పేగులను ఒక్కసారే కడిగి పడేస్తే పాతదంత పోతదని అనుకున్న. డాక్టరు చెప్పిన పీచు అప్పుడు యాదికొచ్చింది. మెల్లగ అన్నది మాత్రం రాలే.

గారోజు వంటావార్పు. అంటే పెద్ద రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండి, గాడనే బంతులేసి తినుడు. ఒక్క బండి కదలదు. గసొంటి రోజు చూసుకొని నేను పొద్దున్నే నాలుగు చెంచల ఇసబ్గోల్ సగం గిలాస నీళ్లల్ల కలిపిన. గోడలకు పోస్టర్లు అంటిచ్చే లై లెక్క అయింది. కండ్లు మూసుకొని మింగిన. మీదికెల్లి గింజలతోని నాలుగు జామపండ్లు, రెండు మక్కకంకులు. శెనగ గుడాల మీద సస్పెన్షన్ ఎత్తేసి ఒక పొట్లం గుడాలు. ఒక్క దెబ్బకు తెలంగాణ వచ్చెయ్యాలె అన్నట్టున్నది నా జోరు.

రోడ్డు మీదికి పోయేసరికి మా గల్లీ ఆడోళ్లంత పొయ్యిలకాడ ఉన్నరు. పెద్ద దేగిసల వంకాయకూర కలుపుతున్నది మా అక్క. నన్ను చూసి చూడనట్టు తల తిప్పుకున్నది. బంతిల కూసున్న. అప్పటికే లోపల ఏదో ఊరేగింపు మొదలైంది. అక్క వడ్డించుకుంట వచ్చి నా ముందట ఆగింది.

"పెట్టాల్నా?"

నాలుగు రోజులకు మాట్లాడిన మొదటి మాట అది. నాకేమో గొంతు దాంక నిండి ఉన్నది. "వద్దక్కా" అన్న.

పక్కన అన్నం వడ్డించే ఆమె ఊకుంటదా? "ఏం పద్మా, మీ తమ్ముడు నీ చేతిది తింటలేడా ఏంది?"

"ఆయనకు పడదు" అన్నది అక్క. గంటె పట్టుకొని ముంగటికి పోయింది.

పుట్టిన సంది నేను మా అక్కకు "వాడు". అంతమందిల ఆరోజు "ఆయన" అయిన. అన్నల్లారా, లాఠీ దెబ్బ తిన్నోళ్లను నేను చూసిన. గీ దెబ్బ వాళ్లకు తెల్వది.

లేచి అక్క ఎనుక పోదామనుకునేసరికి మైకుల రాములు సారు గొంతు. "మూడు దినాలు దీక్ష చేసిన మన నర్సింలు ఇప్పుడు రెండు ముచ్చట్లు చెప్తడు!" చప్పట్లు. ఇద్దరు నా రెక్కలు పట్టి స్టేజీ మీదికి ఎక్కిచ్చిన్రు. మైకు నా బొడ్డుకాడికే ఉన్నది. దాన్ని పైకి లేపెటోడు లేడు.

"అక్కలారా, అన్నలారా..." అన్ననో లేదో, నా కడుపు ఉరిమింది. నాలుగు దిక్కుల కట్టిన మైకులల్ల ఉరిమింది. జనమంత తలకాయలెత్తి ఆకాశం దిక్కు చూసిన్రు. "మొగులైతలేదు గదనే!" అని ఒక ముసలాయన అనుమానపడ్డడు.

ఇంకొక ఉరుము. ఇగ నాకు నా పరిస్థితి తెలిసిపోయింది. నినాదమిద్దామని లేపిన పిడికిలి లేపినట్టే ఉన్నది, కాళ్లు మాత్రం స్టేజీ దిగి ఉరుకుతున్నయి. ఎనుకకెల్లి ఎవడో కేక పెట్టిండు. "నర్సింలన్న ఆర్డీవో ఆఫీసు దిక్కు పోతుండు! నడువున్రి!" అంతే. బంతుల కూసున్నోళ్లు చేతులు గూడ కడుగకుండ లేచిన్రు. డప్పులు, జెండాలు, జై తెలంగాణ! నేను జోరు పెంచుతే వాళ్లు జోరు పెంచిన్రు.

హోటల్ షట్టర్ బంద్. బస్టాండు గేటు బంద్. బంద్ పిలుపిచ్చినోళ్లల్ల నేను గూడ ఉంటి గదా, ఎవలను తిట్టాలె? మా గల్లీ మొదట్ల ఒక్క ఫాతిమా చాచీ ఇంటి దర్వాజ తీసి ఉన్నది. చాచీ గడపల కూసొని బొంత కుడుతున్నది.

"చాచీ! బాత్రూం!"

"జా బేటా, జా జా!" సూది తీసి పక్కకు జరిగింది.

లోపటి ముచ్చట నేను చెప్పను, మీరు అడగకున్రి. బయట మాత్రం వందమంది నినాదాలు. ఇగ అయిపోయింది, బయటికి పోదామని గొళ్లెం మీద చెయ్యి పెట్టంగనే మల్ల జై అంటున్నరు.

"ఏమమ్మా, మా నర్సింలు లోపల ఏం చేస్తుండు?" రాములు సారు గొంతు.

"ఎండదెబ్బ తగిలింది సారూ. దీక్షలు చేసి చేసి బచ్చా సోయిల లేడు. పండవెట్టిన. మీరు పోయి అన్నం తినున్రి."

"ఆహా, ఎంత త్యాగం!" అన్నడు సారు. జనం నా పేరు మీద గూడ ఒక జై కొట్టి మెల్లగ మర్లిపోయిన్రు. చాచీ ఆ రోజు నా ఇజ్జత్ తన కొంగు కింద దాచింది. గామె రుణం నాతోని తీరేది గాదు.

బయటికి వచ్చేసరికి మంచం మీద మా అక్క కూసొని ఉన్నది. చేతుల చెంబు.

"నీకెట్ల తెలిసిందక్కా?"

"వాడు ఉరికిన తీరు చూస్తే తెల్వదా చాచీ నాకు?" అని నాతోని గాకుండ చాచీతోని అన్నది. "మూడో తరగతి సంది చూస్తున్న." చెంబు నా చేతికిచ్చింది. "గంజి. ఉప్పేసిన, అంతే. పడకుంటే గిది గూడ రాసుకో."

మల్ల "వాడు" అయిన. గంజి తాగుకుంట ఏడ్చిన. "తప్పయిందక్కా" అన్న. అక్క మొఖం తిప్పుకున్నది.

చాచీకి ఏం జెయ్యాల్నో తెల్వక, ఇంటికొచ్చినోళ్లకు ఇచ్చేటట్టే మూడు కప్పులల్ల చాయ్ తెచ్చింది.

"వద్దు చాచీ, పొద్దటి సంది నాలుగైనయి."

"నాలుగా? ఇంక సగం దినమే అయింది! రోజుకెన్ని తాగుతవ్ రే?"

వేళ్ల మీద ఎంచిన. శామియాన కాడ ఏడు, ఆఫీసు నడిచినప్పుడు గాడ గూడ గన్నే. మెస్సుకాడ రెండు. దోస్తులు కలిస్తే ఇంకొకటి. రెండు చేతులు అయిపోయినయి.

మా అక్క మెల్లగ నా దిక్కు తిరిగింది. "గా పుస్తకం నేను మొత్తం చదివిన. ఒక్క చాయ్ గూడ లేదు గదర?"

"చాయ్ తిండి ఎట్లయితదక్కా? చాయ్ ఎవడన్న రాస్తడా?"

"దీక్ష నాడు తాగినవా?"

"లేదు. రాములు సారు నీళ్లు తప్ప..."

దీక్ష నాడు అన్నమే గాదు, చాయ్ గూడ బంద్. నోట్లకు పోయిందల్ల రాయమన్నడు డాక్టరు. మొత్తం రాయమన్నడు. చాచీ నెత్తి కొట్టుకొని, నా ముందటి కప్పు ఎత్తుకొని తనే తాగింది. మా అక్క నవ్వుడు మొదలువెట్టింది. కొంగు నోట్ల కుక్కుకొని నవ్వింది, నవ్వి నవ్వి ఏడ్చింది. "పది చాయ్‌లు తాగి నా అన్నాన్ని బంద్ పెట్టినవా కొడకా!" అని నా ఈపు మీద రెండు గుద్దులు గుద్దింది. గంత హాయైన దెబ్బలు నేను మల్ల తినలే.

తెల్లారి దవాఖానకు పోయి చెప్తే డాక్టరు గూడ కడుపు పట్టుకొని నవ్వి, మల్ల మొదటి సంది చెప్పిండు. చాయ్ రోజుకు ఒకటి. ఇసబ్గోల్ ఒక్క చెంచ, నిండ నీళ్లు. గుడాలు, గోకరకాయ జరంత జరంత తిని చూసుడు. నెల తిరిగేసరికి కడుపు చాన కుదురుకున్నది. ఇప్పటికీ అప్పుడప్పుడు అలుగుతది గాని, ఊరు ఊరంతటిని ఎనుకేసుకొని మాత్రం ఉరికిస్తలేదు.

చాచీ ఇంటికెల్లి వచ్చిన గారోజే రిజిస్టరు తీసి, అక్క ముందట నిలవడి గట్టిగ చదువుకుంట రాసిన. "సదరు అక్క వంటపై మోపిన అభియోగములన్నియు నిరాధారమని తేలినందున, సదరు వంటను తక్షణమే సగౌరవంగా విధులలోకి తీసుకోవడమైనది. ఇకపై చాయ్ లెక్కించకుండా ఏ పదార్థమును శిక్షించనని, ఒక్క చెంచా దాటి ఇసబ్గోల్ ముట్టనని, కడుపు నిండ పీచుతో మైకు ముందు నిలవడనని ప్రమాణం చేయుచున్నాను."

"గివన్ని నాకు సమజుగావు. పెన్ను ఇటియ్యి" అన్నది అక్క.

రిజిస్టరు ఒళ్లె పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట, నాలుగు గళ్లు నింపింది. గా పేజీ ఇప్పటికీ నా బీరువల ఉన్నది.

పదార్థం: తమ్ముడు.
పరిమాణం: ఒక్కడే.
ఫలితం: ఏడిపిచ్చిండు.
ఉత్తర్వు: బంద్ చేసుడు నాతోని గాదు.