నడుస్తోంది, ఆగింది, చెప్పలేను

పెనుకొండలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని ప్రపంచంలోని బొగ్గు కరెంటు కేంద్రాలను కనిపెట్టి చూస్తుంటాను. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ పని మీట నొక్కడమే. ఉపగ్రహం తీసిన ఫొటో తెర మీదికి వస్తుంది. నీళ్లు చల్లార్చే గోపురం మీద తెల్లటి ఆవిరి కనబడితే ‘నడుస్తోంది’, లేకపోతే ‘ఆగింది’, మబ్బు అడ్డమొస్తే ‘చెప్పలేను’. బొగ్గుపులుసు వాయువు కంటికి కనబడదు కాబట్టి, కేంద్రం ఎంతసేపు నడిచిందో చూసి ఎంత వదిలిందో పైవాళ్లు లెక్క కడతారు. చేరిన కొత్తలో మేమంతా మబ్బులను ఆవిరి అనుకుని నొక్కేశాం. ఆ వారం భూమికి చాలా నష్టం జరిగింది, కంప్యూటర్లో.

ఆ గదిలోనే అవ్వ మంచం. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కుకు ఆక్సిజన్ మిషను గొట్టం. ఆ మిషను కరెంటు మీద నడుస్తుంది. ఆ కరెంటులో ఎక్కువ భాగం దేంతో పుడుతుందో ఇంట్లో నాకొక్కడికే బాగా తెలుసు.

“పొద్దస్తమానం ఏం చూస్తాండావు రా?” అని ఒకసారి అడిగింది.

“పొగ లెక్క పెడతాండా అవ్వా.”

“బతుకంతా పొయ్యి కాడ ఊదినా. నా పొగ ఎవుడూ లెక్కబెట్టల్యా.”

“నీకు చిమ్నీ ల్యాకపాయె.”

నవ్వింది. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. ఇంట్లో జోకులు తగ్గించమని నాయన నాకు పథ్యం పెట్టాడు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషను ఇన్వర్టరు మీదికి మారింది. బ్యాటరీ పాతది. అండగా ఉంచుకున్న ఆక్సిజన్ సిలిండరు ఖాళీ అయితే, నింపించుకు రావడానికి నాయన పొద్దున్నే హిందూపురం పోయాడు. ఫ్యాను ఆపి లైన్‌మన్‌కు ఫోన్ చేశాను.

“అన్నా, కరెంటు ఎప్పుడొస్తాది?”

“ధర్మవరం పక్క లైను తెగిండాదంటప్పా. చూస్తాండారు.”

“మా అవ్వ మిషను మీద ఉండాది.”

“నా చేతిలో ఉంటే ఇయ్యనా అప్పా,” అన్నాడు.

అంబులెన్సుకు చేశాను. దగ్గర్లోది ఎవరినో ఎక్కించుకుని అనంతపురం పోయిందట, ఇంకోటి పంపిస్తామన్నారు.

లాప్‌టాప్‌లో ఛార్జింగు ఉంది. తెర మీద ఒక గోపురం, ఆవిరి లేదు. మామూలుగా ‘ఆగింది’ నొక్కేటప్పుడు నాకు సంతోషం, ఒక చోటైనా పొగ తగ్గిందని. ఆ రోజు మాత్రం ‘మండించండి సామీ’ అని దాన్ని బతిమాలాను. అది ఏ దేశంలోదో కూడా నాకు తెలియదు.

ఇన్వర్టరు కీచుమని ఆగిపోయింది. దాని వెనకే మిషను. అవ్వ నోరు తెరిచి గాలిని లాక్కుంటోంది. వేలికి తగిలించిన పరికరంలో అంకె దిగుతూ ఉంటే తీసి పక్కన పెట్టాను. అట్టముక్కతో విసురుతూ నాయనకు ఫోన్ చేశాను.

“యాడుండావు నాయనా?”

“రైలు గేటు కాడ. గేటేసినారు. గూడ్సు పోతాండాది.”

“ఏం గూడ్సు?”

“బొగ్గు.”

అట్టముక్క రెండో చేతికి మార్చుకుని విసిరాను.

“అవ్వ ఎట్లుండాది రా?”

అవ్వ కళ్లు మూసుకుంది. కప్పిన దుప్పటి వైపు చూశాను. నాకు తెలిసిన జవాబులు మూడే. ఫొటో అయితే మూడోది నొక్కి ముందుకు పోయేవాణ్ని. దుప్పటి లేవలేదు. ఫోన్లో గూడ్సు డబ్బాలు గడగడమని పోతూనే ఉన్నాయి. అప్పుడు దుప్పటి కొంచెం లేచింది.

“నడుస్తాండాది,” అన్నాను.

అదేం మాట అని నాయన అడగలేదు.

పంపిస్తామన్న అంబులెన్సు రాలేదు, సిలిండరు వచ్చింది. నాయన దాన్ని పట్టుకుంటే స్పానరు నేను తిప్పాను. చాలాసేపటికి అవ్వ కళ్లు తెరిచింది.

“నీ చిమ్నీలు ఎట్లుండాయి రా?”

“ఒకటి ఆగింది అవ్వా.”

“దానికీ గ్యాసు అయిపాయేమో.”

నవ్వబోయి, నాయన మొహం చూసి మానేశాను.

సాయంత్రానికి కరెంటొచ్చింది. సిలిండరు మూసి మిషను పెట్టాం. తెర మీద తర్వాతి ఫొటోలో గోపురం నిండా తెల్లటి ఆవిరి. ‘నడుస్తోంది’ నొక్కాను. పక్కన మిషను గుర్రుమంటుంటే, బాధ పడాలని గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది.

ఫోన్‌కు మెసేజి వచ్చింది. మరమ్మతుల కోసం రేపు కూడా మధ్యాహ్నం కరెంటు ఉండదట. చదివి వినిపించాను. నాయన వంగి సిలిండరు మీటరులో ముల్లు చూశాడు. ఎంత మిగిలిందని నేను అడిగితే, ఆ మీటరు మీద తువ్వాలు కప్పాడు.