నా తమ్ముడితో పులి–మేక ఆడిన పెద్దమనుషులు

మా చిన్నప్పుడు... మొయినాబాద్ దగ్గర హిమాయత్‌నగర్ అనే పల్లెలో మా ఇంటి అరుగు మీద ఒక నల్లబండ ఉండేది. దాని మీద పులి–మేక గీతలు ఎప్పుడో ఎవరో ఉలితో చెక్కారు. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతగింజలు. పులి మేకల మీద నుంచి దూకి తినాలి, మేకలు పులిని కదలకుండా కట్టెయ్యాలి... అంతే ఆట. మధ్యాహ్నం తిన్నాక వాడకట్టు మగవాళ్ళంతా అక్కడే చేరేవారు.

మా ఆఖరి తమ్ముడు సత్తయ్య ఎప్పుడూ మేకలే తీసుకునేవాడు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు... మీసాలు తిరిగిన వాళ్ళ పులులను మూలకు తోసి కట్టేసేవాడు.

ఎక్కువగా ఓడేది పెంటయ్య మామ. వరసకు మామ.

"ఈ పోరని తలకాయల నక్క కూసున్నదిర! ఆడ మేకను జూపెడతడు, ఈడ బొంద తవ్వుతడు" అని తిట్టేవాడు. సత్తి పడీ పడీ నవ్వేవాడు.

ఎట్లా ఆడతావురా అని ఒకసారి అడిగాను. "నేనేం జెయ్యనక్కా. జర సూస్తుంటే మేకలే నడుస్తయి. యాడికి పోతయో కనబడుతది" అన్నాడు.

ఆ వానకాలం వాడికి జ్వరం వచ్చింది. మూర్ఛ వచ్చి ఒళ్ళు కొట్టుకుంది. బాపు ఎత్తుకుని పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. జ్వరం మెదడుకెక్కింది అన్నారు. అయినా బతికి వచ్చాడు. అందుకు ఆ రోజు దేవుడికి దండం పెట్టుకున్నాను... ఇప్పటికీ పెడుతూనే ఉన్నాను.

నడిచాడు. తిన్నాడు. నన్ను అక్కా అన్నాడు. కానీ అంగీ గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఆగిపోయేవాడు. తర్వాత పెట్టాల్సింది ఏ గుండీయో తెలిసేది కాదు.

పెంటయ్య మామ చూడటానికి వచ్చాడు. "నేనెవలో జెప్పు" అన్నాడు ముందు.

"పెంటయ్య మామ."

"అబ్బో, యాదికున్న! అయితే దా అల్లుడా, ఒక ఆటేద్దాం."

మామ పులులతో మేకలన్నీ తిన్నాడు. "నక్క ఊరిడిసి పోయిందిరో!" అన్నాడు. అరుగంతా నవ్వింది.

మరునాడు ఇంకొకాయన. ఆ తర్వాత మరొకాయన... వాడి చేతిలో ఓడినవాళ్ళంతా వరసపెట్టి వచ్చారు. భజనలో ముందు కూర్చునేవాళ్ళు. పంచాయితీలు చెప్పేవాళ్ళు. ఒక పిల్లవాడి జబ్బు మీద గెలవడానికి వచ్చారు.

బాపు వాళ్ళను ఆపలేదు. "ఆడనియ్యి, ఆడంగ ఆడంగ తెలివి మళ్ళొస్తది" అనుకున్నాడు. పాపం, నమ్మాడు. వచ్చినవాళ్ళు మాత్రం అట్లా అనుకుని రాలేదు.

సత్తి పిలిస్తే చాలు ఉరికేవాడు. ఈ రోజు ఆట మళ్ళీ వస్తుందేమోనని. ఓడి లోపలికి వచ్చి ఒకరోజు నా పక్కన కూర్చున్నాడు.

"అక్కా, బండ మీద ఉట్టి చింతగింజలే కనబడుతున్నయి. మేకలు యాడికి పోయినయి?"



మా అవ్వ, అంటే మా అమ్మ, మగవాళ్ళ ముందు గొంతెత్తే మనిషి కాదు. నెత్తి మీద కొంగు జారనిచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం పెంటయ్య మామ "సూడుర్రి, పులికి ఇయ్యాల దావత్!" అంటూ రాయి ఎత్తాడు. అవ్వ పేడనీళ్ళ బకెట్టుతో వచ్చి, బండ మీద కుమ్మరించింది. చింతగింజలు వాకిట్లోకి కొట్టుకుపోయాయి. మామ ధోతి తడిసింది.

"ఇదేంది చెల్లె! పట్టపగలు సాన్పి జల్లుతరా ఎవలన్న?"

సాన్పి తెల్లవారుజామున చల్లేది. అది అవ్వకు తెలియదా?

"మీరు లేసినంక జల్లుదామనుకున్ననన్న. మీరు లేస్తలేరు" అన్నది.

ఒక్కొక్కరే లేచారు. చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు.

ఏడ్చింది సత్తి ఒక్కడే. "ఏందవ్వా! నేను గెలుస్తుంటి గద!"

అవ్వ బకెట్టు కింద పెట్టింది. వాడి చేతులు కడుగుతూ, "అవు కొడుక. గెలుస్తుంటివి. నేనే ఆట ఖరాబ్ జేసిన" అన్నది.

తర్వాత మా అరుగు మీద ఎవరూ ఆ ఆట ఆడలేదు.

ఇప్పుడు అవ్వ లేదు, బాపు లేడు. సత్తయ్య మొయినాబాద్‌లో నా దగ్గరే ఉంటాడు. రోడ్డు పక్క నర్సరీలో మొక్కలకు నీళ్ళు పెడతాడు. మొన్న చాయ్ హోటల్ దగ్గర కొందరు కాలేజీ పిల్లలు వాడి ముందు ఫోన్ పట్టారు.

"అంకుల్, ఇరవైలకెళ్ళి ఏడు తీసేస్తే ఎంత?"

వాడు శ్రద్ధగా వేళ్ళు లెక్కపెట్టాడు. వేళ్ళు అయిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు... వెనకాల నవ్వులు.

ఆ వీడియో నాకు పంపింది పరాయివాళ్ళు కాదు. మా చుట్టమే. "పెద్దక్కా, మన సత్తన్న వైరల్!" అని, కింద నవ్వే బొమ్మలు.

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. పొద్దున దీపం పెట్టాను, సాయంత్రం పెట్టాను. తగ్గలేదు. తగ్గించమని దేవుణ్ణి అడగడం కూడా మానేశాను.

వెళ్ళి అడిగితే ఆ పిల్లలు వీడియో తీసేశారు. "జస్ట్ ఫన్ ఆంటీ, సారీ" అన్నారు. సరే. మరి దాన్ని ఇంటింటికీ పంపినవాళ్ళు? పెళ్ళిలో వాడి పక్కన కూర్చుని తిని, ఫోన్‌లో వాణ్ణి చూసి నవ్వినవాళ్ళు? అప్పట్లో నవ్వాలంటే మా గడప దాకా రావాల్సి వచ్చేది... ఎవరు నవ్వారో మాకు తెలిసేది. ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని నవ్వుతున్నారు.

మీ ఇంట్లోనూ ఒక్క జ్వరంతోనో, ఒక్క దెబ్బతోనో ఇట్లా మారిపోయిన మనిషి ఉంటే కింద రాయండి. జబ్బు పేరు వద్దు. అయ్యో పాపం అసలే వద్దు. ఏ ఆటలో ఎవరిని ఓడించేవారో, అది రాయండి.

ముందు నేనే రాస్తున్నాను... మా సత్తయ్య. పులి–మేక. ఊళ్ళో పెద్దమనుషులందరినీ.