జెట్టులో రాగితీగ: మా జకరయ్య మేస్త్రి

శనివారం మధ్యాహ్నం కంకిపాడు దాటిన తరువాత, బందరు కాలువ వెంట పోతున్న కారులో, నా ఒడిలో తల పెట్టుకుని మోటారు మెకానిక్కు జకరయ్య మేస్త్రి తుదిశ్వాస విడిచాడు. గుణదలలో ఆయన ఇంటికి కబురు చేర్చినవాణ్ణి నేనే. అయినా ఆ మాట ఎవరో ఆడిన అబద్ధంలాగే ఉంది నాకు. లారీ నడిపినన్నాళ్ళూ నా బండి ప్రాణం ఆయన చేతిలో పెట్టి నిశ్చింతగా నిద్రపోయాను. ఆయన ప్రాణం నా చేతికి వస్తే నిలపలేకపోయాను.

మైలురాళ్ళ మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చిన డ్రైవరును. దివంగతుల గురించి రాసేటప్పుడు ఆగ్రహం తగదని పెద్దలంటారు. క్షమించాలి. నాలో దుఃఖమూ ఆగ్రహమూ వేరువేరుగా లేవు.

జకరయ్యది శ్రవణవిద్య. నల్లపొగ కక్కే బండికి ఆయన బెదిరేవాడు కాదు. పైకి శుభ్రంగా కనిపిస్తూ లోపల దగ్గే బండిని చూస్తేనే ఆయన ముఖం వాడిపోయేది. "ఎక్కువ తిన్నోడు కక్కుకుని బతుకుతాడన్నయ్యా. పస్తున్నోణ్ణి పరిగెత్తిస్తేనే చస్తాడు" అనేవాడు. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే ఇంజను విపరీతంగా వేడెక్కుతుంది, వాల్వులు మాడతాయి. ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టి చూపేవాడు: "కాఫీపొడి రంగుంటే కడుపు నిండినట్టు. ఇదిగో, సున్నంలా ఉందా, దీనికి అన్నం లేదు."

ఒకసారి మంగళగిరి టాక్సీ ఒకటి దగ్గుతూ వచ్చింది. జకరయ్య చోక్ కొద్దిగా లాగాడు. గాలి తగ్గగానే ఇంజను సర్దుకుంది. "పస్తే. అన్నం చాలకా, గాలి మింగా?" అని తనలో తాను అనుకుంటూ, సైకిలు ట్యూబు ముక్క ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజను అతుకుల వెంట తిప్పాడు. "ఏం మేస్త్రీ, రేడియో వస్తందా?" అన్నాడు టాక్సీ అతను. "ఈల వస్తంది, నువ్వూ విను" అని ట్యూబు అందించాడు. కార్బురేటరు కింద అట్ట చిరిగి, గాలి దొంగదారిన చొరబడుతోంది. కొత్త అట్ట కత్తిరించి వేస్తే దగ్గు పోయింది.

సాధువేమీ కాదు. కోపమొస్తే పానా విసిరేవాడు. ఒక ఆదివారం చర్చిలో, హార్మోనియం తిత్తి గాలి కారుతోందని పాట మధ్యలో లేచి దాని కిందికి దూరితే, పాస్టరుగారు ఆరాధన ఆపవలసి వచ్చింది. భార్య మార్తమ్మ వారం రోజులు తలెత్తుకోలేదు.

పెట్రోలు ధర మండినప్పటి నుంచి మన జిల్లాలో ఒక మాయరోగం ప్రబలింది. ఇంజనుకు పెట్రోలు అందించే ఇత్తడి జెట్టు రంధ్రం సూదిబెజ్జమంత. అందులో సన్నని రాగితీగ దూర్చి, పొదుపు చేశామని మీసం దువ్వుకోవడం. పామర్రు మిల్లు ఆసామి ఒకాయన తన కారుకు తీగ పెట్టమని వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. పేరు రాయను, చదివితే ఆయనకే తెలుస్తుంది.

"నలుగురూ పెట్టించుకుంటన్నారు. నీకేమయ్యా నొప్పి?"

"ఎడ్లకి దాణా తగ్గించి దమ్ము చేయిస్తారాండీ?"

"ఎడ్లూ ఇంజనూ ఒకటేనా?"

"ఎడ్లయితే చేలో చతికిలబడి చెబుతాయండి. ఇది నడిరోడ్డు మీద చెబుద్ది."

ఆసామి నవ్వి, మరో షెడ్డులో పెట్టించుకున్నాడు.

మొన్న శనివారం నన్ను చూడడానికి పామర్రు వచ్చిన జకరయ్య, విస్తరి ముందు కూర్చుంటూనే గుండె పట్టుకున్నాడు. ఊరి డాక్టరు ఇంజెక్షను ఇచ్చి, వెంటనే బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. సమయానికి దొరికిన కారు ఆ మిల్లు ఆసామిదే. ఆసామి ఊళ్ళో లేకపోయినా ఆయన డ్రైవరు, పాపం, మారుమాట లేకుండా తీశాడు.

ఉయ్యూరు దాటాక ఇంజను దగ్గింది. జకరయ్య కళ్ళు తెరవకుండానే "చోక్ లాగమను" అన్నాడు. లాగితే బండి పుంజుకుంది.

"పస్తే."

"నువ్వు మాట్లాడకయ్యా" అన్నాను. అంతలో బానెట్టు కింద ఆవిరి చిమ్మింది. రేడియేటరు మరిగిపోయింది. ఆగిపోయాం.

ఆ కాలువగట్టు మీది నిస్సహాయతకు నేను చదివిన ఏ పుస్తకంలోనూ మాట లేదు. బస్సు ఆపితే ఫుట్‌బోర్డు దాకా జనం; మనిషిని పడుకోబెట్టే జాగా లేదు. కాలువ నిండా నీళ్ళు, కాని ఇంజను చల్లారేదాకా చుక్క పోయడానికి లేదు. నాకు పిచ్చెక్కినట్టయింది. వెనకసీట్లోంచి జకరయ్యే అన్నాడు: "ఊరికే నిలబడకన్నయ్యా. కార్బురేటరు పక్క మర విప్పు. జెట్టు చేతికొచ్చుద్ది."

చేతులు కాలుతుండగా విప్పి, ఎండకెత్తి చూశాను. తీగ తళుక్కుమంది.

"ఉందా?"

"ఉంది."

"లాగెయ్. మళ్ళీ బిగించు."

ఆ దగ్గు విన్నప్పుడే ఆయనకు తెలుసు. ఏ కారులో పడుకున్నాడో కూడా తెలుసు. ఒక్క నిందావాక్యం అనలేదు. ఆ భారం నాకు వదిలేశాడు.

ఇంజను చల్లారి, నీళ్ళు పోసి, కదిలేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి. బండి గొంతు నిండుగా పలికింది. "తొక్కు, తొక్కు" అని డ్రైవరు మీద అరిచాను. జకరయ్య నా చెయ్యి నొక్కాడు. "వద్దన్నయ్యా. వేడిమీదుంది. మెల్లిగా పోనీమను." నేను వినలేదు. తొక్కించాను. కంకిపాడు దాటాక ఆ చేతిపట్టు సడలింది.

గుణదల సమాధుల దొడ్డికి ఆసామి కూడా వచ్చి దండ వేశాడు. నన్ను పక్కకు పిలిచి, "కారు ఇప్పుడు బ్రహ్మాండంగా లాగుతోందండీ, ఏం చేశారు?" అన్నాడు. జేబులోని తీగ తీసి ఆయన అరచేతిలో పెట్టాను. అదేమిటో ఆయన గుర్తుపట్టాడు.

మోటారు యజమానులారా, ఆ పుణ్యాత్ముడికి శిలావిగ్రహాలు అక్కర్లేదు. మీ జెట్టుల్లో తీగలుంటే పీకెయ్యండి, అదే నివాళి. ఇంజను గొంతులో ఆకలి విని చెప్పే ఆ చెవి ఈ కృష్ణాతీరాన మట్టిలో కలిసిపోయింది. దాని స్థానంలో నిలిచేది నాకు కనుచూపుమేరలో లేదు.

ఖననం అయ్యాక మార్తమ్మ అడిగింది: "ఆఖర్న ఏమన్నారన్నయ్యగారూ?"

"ఇంజను వేడిమీదుంది, మెల్లిగా పోనీమన్నాడమ్మా."

"నా మాటేమీ అనలేదా?"

"లేదమ్మా."

ఆమె వంగి ఆ కొత్తమట్టిని అరచేత్తో సర్దింది. తరువాత, "బండి నడిచిందా మరి?" అంది.

"నడిచిందమ్మా. ఒక్క దగ్గు లేకుండా నడిచింది."