నాగమ్మ గుంత, చిన్నప్ప బావి

మేడే నాడు తెల్లవారుతుండగా కుప్పంలో కృష్ణగిరి బస్సెక్కాను. ఏటా ఆ రోజు ఊరేగింపులో ఉండేవాణ్ణి, ఈసారి ఒక బావి పంచాయితీకి బయల్దేరాను. ధర్మపురి జిల్లాలో బి. మల్లాపురం దాటాక తెలుగువాళ్ళ పల్లె ఒకటి ఉంది. అక్కడి నుంచి చిన్నప్ప అనే గొర్రెల కాపరి వారం కిందట ఫోన్ చేశాడు. కుప్పం సంతకు పొట్టేళ్ళు తోలుకొచ్చినప్పుడు మురుగు పని మీద నా ఉపన్యాసం విన్నాడట.

"మా వదిన నాగమ్మ చేన్లో సెప్టిక్ ట్యాంకు లారీలు ఒంపించుకుంటాది సామీ. దాని కిందనే నా బావి. మనుషులకూ, మందకూ అవే నీళ్ళు. బావి చెడితే గొర్రెలమ్ముకోని సేలానికి కూలికి పోవాల. మేడేకి గ్రామసభ ఉంది. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి," అన్నాడు.

ఆ నాలుగు మాటలూ బస్సు కదలకముందే నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. మురుగు సంగతి ఊరిపెద్దలకు వదలకూడదు. రాష్ట్రమంతటికీ ఒకటే చట్టం ఉండాలి, దానికి అందరూ లొంగాలి. ఊరి ఆచారం పేరు చెప్పి ఏ కులంవాణ్ణి ట్యాంకులోకి దించారో, ఎవరిని బావి గట్టు ఎక్కనీయలేదో చూసినవాళ్ళం. స్థానిక స్వేచ్ఛ అని ఎవరైనా అంటే, ఎవరి స్వేచ్ఛ అని నేను వెంటనే అడుగుతాను.

కృష్ణగిరిలో ఇడ్లీ, ధర్మపురి బస్టాండులో టీ. తొమ్మిదింటికి మల్లాపురం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది గానీ కుదురుగా కూర్చోలేకపోయాను. చిన్నప్పకు ఫోన్ చేస్తే, మురుగు లారీల మీద సర్కారు ఆర్డరు వచ్చిందంటున్నారు, ఎవరూ చూడలేదంటున్నారు అన్నాడు. నేను టికెట్టు కొంటుంటే పక్కనున్న పెద్దావిడ నవ్వింది. ఫోన్లో నా తెలుగు విన్నదేమో, తెలుగులోనే అంది:

"మీరు దుడ్డిచ్చినారా? మాకు ఉత్తినే. కవర్మెంటు ఆడోళ్ళకు బస్సు ఇచ్చింది, మగోళ్ళకు నోరిచ్చింది."

పోయే ఊరు చెప్పాను. "ఆ గుంతల ఊరికా! అక్కడ మరవల్లి గడ్డ తొడంత లావు ఊరుతాది. తినే ముందర బాగా కడగండి," అని హెచ్చరించింది. మరవల్లి అంటే మన కర్రపెండలం.

స్టాపులో చిన్నప్ప మోపెడ్ మీద కాచుకొని ఉన్నాడు. నేరుగా చేనికే తీసుకుపోయాడు. ఈ మెట్ట రైతుల పద్ధతి ఇది: వేసవిలో చేన్లో పొడుగ్గా గుంత తవ్వి, లారీ ఒంపిన మురుగును ఎండబెట్టి, వాన పడగానే దున్ని మరవల్లి నాటుతారు. ఎరువు కొనక్కర్లేదు. దానికి ఊరు పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. గుంత తవ్విన ఇంటివాళ్ళు ఆ వేసవంతా కింది బావి నీళ్ళే తాగాలి, అదీ పదిమంది ఎదుట.

మేం చేరేసరికి నాగమ్మ బావి దగ్గరే ఉంది. చేదిన నీళ్ళు చెంబుతో ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుంది.

"చూసినావా సామీ? ఎన్ని ఎండకాలాలు తాగినానో లెక్కే లేదు. పడిపోయినానా?"

"నువ్వెట్ల పడతావు వదినా? నిన్ను చూస్తే రోగమే దావ మార్చుకుంటాది," అన్నాడు చిన్నప్ప.

"నా గుంత కంపు, నీ గొర్రెలు గట్టు నిండా వేసే పెంట మల్లెపూలా?"

"అమ్మా, నీకేమీ కాలేదంటే అది నీ కడుపు గట్టితనం. నీళ్ళ గురించి అది ఏమీ చెప్పదు," అన్నాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, కడవ ఎత్తుకుని పోయింది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తాను చేసిన చట్టం కిందికి ఊరే నీళ్ళు తానే తాగి చూపించే శాసనకర్త నాకు ఇంతవరకు తగల్లేదు.

పదకొండుకు బడి ముందు షామియానా కింద గ్రామసభ. ధర్మపురి నుంచి వచ్చిన ఆఫీసరు తమిళంలో ఆర్డరు చదివాడు. చిన్నప్ప నా చెవిలో తెలుగు చేశాడు. లారీకి లైసెన్సు, ఒంపే చోటు, జరిమానా అన్నీ ఇకపై శాఖే చూసుకుంటుంది. ఒప్పుకోడానికీ, వద్దనడానికీ ఊరికి అధికారం లేదు. లోడంతా టౌనులోని శుద్ధి కేంద్రానికే పోవాలి. చప్పట్లు కొట్టబోయాను.

నాగమ్మ లేచింది. "అంత దూరం డీజిల్ ఎవడు కాలుస్తాడు? దావలో అడివి కనిపిస్తే వాల్వు తిప్పి పోతాడు. నా చేన్లో ఒంపితే ఊరు చూస్తాది, తిడతాది. అడివిలో ఎవరు తిడతారు?"

చిన్నప్ప అడిగాడు: "అదంతా సరి. నా బావి నీళ్ళు ఇప్పుడు మంచివా, కావా?"

"అది మా శాఖ కాదు," అన్నాడు ఆఫీసరు.

"బావి ఒకటే గదయ్యా, ఎన్ని శాఖలని తిరగాల!" అని వెనకెవరో అన్నారు. సభంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సిద్ధం చేసుకొచ్చిన మాటలు నోట్లోనే చేదయ్యాయి.

నేను లేచి తెలుగులో మాట్లాడాను, ఆఫీసరు కోసం చిన్నప్ప వాక్యం వాక్యం తమిళం చేశాడు. బావికి ఎంత దూరంలో గుంత ఉండాలో శాస్త్రం అడిగి రాష్ట్రం గీత గియ్యాలి. ఆ గీత దాటే హక్కు ఏ ఊరికీ లేదు. అంతకంటే గట్టిగా ఉంటామనే ఊరిని ఏ ఆఫీసూ ఆపకూడదు. కాపలా మాత్రం పక్క చేనివాడే కాయాలి, ధర్మపురిలో కుర్చీకి ఈ కంపు తెలియదు. "నాగమ్మ తాగింది, ఆఫీసరు చదివాడు. నీళ్ళను అడిగినవాడు ఒక్కడూ లేడు. పరీక్షకు పంపండి," అన్నాను.

"గ్రామసభ తీర్మానం ఇందులో చెల్లదు," అన్నాడు ఆఫీసరు.

"చెల్లకపోతే పోనీ, రాయండి," అంది నాగమ్మ. "పరీక్షకు నేనూ వస్తా. వీడు దావలో ఏం కలుపుతాడో. కానీ లారీ ఆగదు. రేపు మధ్యాహ్నం ఒకటి వస్తాది, చెప్పేసినా."

రాత్రి చిన్నప్ప ఇంట్లో రాగిముద్ద తిన్నాను. కాచిన నీళ్ళడిగితే ఇంటిల్లిపాదీ నవ్వారు.

మర్నాడు ఏడింటి బస్సులో వదినా మరిదీ చెరోవైపు కూర్చున్నారు. ఒకే బావి నీళ్ళు, ఎవరి సీసా వాళ్ళ ఒళ్ళో. ధర్మపురిలో నీటి పరీక్ష చేసే చోట తెలుగు తెలిసిన ఒక ఉద్యోగిని, చిన్నప్ప తెచ్చిన కూల్ డ్రింకు సీసా పనికిరాదని పక్కన పెట్టేసింది. నాగమ్మ ఇచ్చిన సీసా పట్టుకుని, "ఇదేంటమ్మా, వెచ్చగా ఉంది?" అంది.

"కాచి తెచ్చినాను."

"ఎందుకు?"

"తాగేది మీరు గదా తల్లీ! పెద్దాఫీసులో ఉండేవాళ్ళకు పచ్చినీళ్ళు ఎట్ల పోసేది?"

పరీక్షంటే వీళ్ళు తాగి చూడటమనే ఆమె నమ్మింది. ఊళ్ళో అంతే మరి.

ఉద్యోగిని నవ్వలేదు. "మేం తాగమమ్మా. ఇందులో పురుగుంటే పెంచి చూస్తాం. కాచితే అది చస్తుంది. మేమిచ్చే సీసాలో పచ్చినీళ్ళు పట్టి రేపు పొద్దున్నే తీసుకురండి."

నాగమ్మ తన సీసా వెనక్కి తీసుకుంది. "అంటే, కాచకపోతే అది బతికే ఉంటాదా?"

"ఉంటే, ఉంటుంది."

ఆ వరండాలోనే నాగమ్మ ఫోన్ తీసింది. "లారీ ఈ పొద్దు రావద్దప్పా. రేపా? రేపూ వద్దు. కాగితం వచ్చినాక చెప్తా."

బస్టాండులో వాళ్ళను మల్లాపురం బస్సెక్కించాను. కొత్త సీసా ఇద్దరికీ ఒకటే. బావిలో చేద ఎవరు వేయాలని అప్పటికే తగువు మొదలైంది. నేను కృష్ణగిరి బస్సెక్కాను. గెలిచినట్టు లేదు. ఆ లారీ ఈ మధ్యాహ్నం ఎక్కడ ఒంపుతుంది? అడివిలోనా? దాన్ని అడిగేవాళ్ళెవరు? ఆర్డరులో లేదు, తీర్మానంలో లేదు, నా ఉపన్యాసంలోనూ లేదు.

కుప్పం దగ్గరపడుతుండగా చిన్నప్ప ఫోన్ చేశాడు.

"ఊరు చేరినాము సామీ. వదిన మా బావి నీళ్ళు ఎవరినీ పచ్చిగా తాగనీలేదు. పెద్ద గుండిగ పొయ్యిమీదెక్కించి రెండిండ్లకూ కాస్తా ఉంది. కట్టెలు మాత్రం నావే!"